రుద్రమదేవి

రుద్రమదేవి (పాలనాకాలం: 1262–1289) ఓరుగల్లు రాజధానిగా తెలుగుదేశాన్ని పాలించిన కాకతీయ వంశపు రాణి. ఈమె గణపతిదేవ చక్రవర్తి కుమార్తె, ప్రతాపరుద్రునికి మాతామహి. శాసనాలలో ఈమెకు రుద్రదేవ మహారాజు అనే పురుషనామం కూడా కనిపిస్తుంది. తెలుగుదేశ చరిత్రలో ఒక పెద్ద రాజ్యానికి స్వయంగా పట్టాభిషిక్తురాలై, రెండున్నర దశాబ్దాలకు పైగా యుద్ధాలను, పరిపాలనను నడిపిన స్త్రీగా రుద్రమదేవికి ప్రత్యేక స్థానం ఉంది. ఆమె సింహాసనానికి రావడానికి, అక్కడ నిలబడడానికి, చివరకు ఆ సింహాసనం మనుమనికి దక్కడానికి కుటుంబ బాంధవ్యాలే ప్రధాన కారణం. అందువలన ఈ వ్యాసంలో ఆమె పాలనతో పాటు ఆ బాంధవ్యాలను కూడా వివరంగా ఇవ్వడం జరిగింది.

వంశ నేపథ్యం

కాకతీయులు మొదట కల్యాణి చాళుక్యులకు సామంతులు. రుద్రదేవుని (1158–1195) కాలంలో వారు స్వతంత్రులయ్యారు. హనుమకొండలోని వేయిస్తంభాల గుడిని 1163లో నిర్మింపజేసినది ఈ రుద్రదేవుడే. దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో ఆయన మరణించాడు. తరువాత రాజైన తమ్ముడు మహాదేవుడు కూడా కొద్ది కాలానికే యాదవులతో పోరులో మరణించగా, ఆయన కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు బందీగా చిక్కాడు. రాజు లేని ఆ సమయంలో సేనాని రేచర్ల రుద్రుడు రాజ్యాన్ని కాపాడాడు. 1213లో పాలంపేటలో రామప్ప దేవాలయాన్ని కట్టించినది కూడా ఇతడే. ఆ దేవాలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందింది.

యాదవరాజు జైతుగి విడిచిపెట్టగా గణపతిదేవుడు 1199లో రాజ్యానికి వచ్చి, సుమారు అరవై సంవత్సరాలు పాలించాడు. తీరాంధ్రాన్ని జయించి, తెలుగు మాట్లాడే ప్రాంతాలలో అధిక భాగాన్ని ఒకే ఏలుబడి క్రిందికి తెచ్చాడు. సముద్ర వర్తకుల రక్షణ కొరకు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. ఇంతటి చక్రవర్తికి తన తరువాత రాజ్యాన్ని ఎవరికి అప్పగించాలన్నదే పెద్ద సమస్య అయింది.

గణపతిదేవుని వివాహ సంబంధాలు

గణపతిదేవుడు కత్తితో గెలిచిన ప్రాంతాలను వివాహ సంబంధాలతో నిలబెట్టుకున్నాడు. కృష్ణానది ముఖద్వారం వద్ద ఉన్న దివిసీమను జయించిన తరువాత, అక్కడి అయ్య వంశానికి చెందిన నారాంబ, పేరాంబ అనే అక్కాచెల్లెళ్ళను వివాహమాడాడు. వారి సోదరుడు జాయపను తన గజసైన్యానికి అధిపతిని చేశాడు. నృత్తరత్నావళి అనే సంస్కృత నాట్యశాస్త్ర గ్రంథాన్ని రచించిన జాయప సేనాని ఇతడే. ఓడిన వంశం ఈ విధంగా ఒక్క తరంలోనే చక్రవర్తికి అండగా మారింది.

గణపతిదేవుని సోదరీమణులు మైలాంబ, కుందాంబలు నతవాడి పాలకుల ఇంటికి కోడళ్ళుగా వెళ్ళారు. మైలాంబ బయ్యారంలో చెరువు త్రవ్వించి వేయించిన శాసనం కాకతీయుల తొలి తరాల వంశవృక్షాన్ని తెలుసుకోవడానికి ముఖ్యమైన ఆధారం. ఆ వంశపు పూర్వీకుల పేర్లు ఇంటి ఆడపడుచు వేయించిన చెరువు శాసనం ద్వారా మనకు దక్కడం గమనించదగిన విషయం.

గణపతిదేవుని మరొక కుమార్తె గణపాంబ. ఈమెను ధరణికోట పాలకుడైన కోట వంశపు బేతరాజుకు ఇచ్చి వివాహం చేశారు. భర్త మరణానంతరం గణపాంబ తానే ఆ ప్రాంతాన్ని పాలించింది. భర్త పేరున బేతేశ్వరాలయాన్ని, తండ్రి పేరున గణపేశ్వరాలయాన్ని కట్టించింది. యనమదల శాసనం ఈమె చరిత్రను తెలుపుతుంది. అనగా గణపతిదేవుని ఇద్దరు కుమార్తెలూ పాలకులే అయ్యారు; ఒకరు అత్తవారి రాజ్యాన్ని, మరొకరు పుట్టింటి రాజ్యాన్ని పాలించారు.

వివాహం

రుద్రమదేవి వివాహం నిడదవోలు చాళుక్య వంశానికి చెందిన వీరభద్రునితో జరిగింది. ఇతడు ఇందుశేఖరుని కుమారుడు. తూర్పు చాళుక్యుల శాఖకు చెందిన ఈ వంశం రాజ్య విస్తీర్ణంలో చిన్నదైనా ప్రతిష్ఠలో పెద్దది. గోదావరి పరిసరాలలో కాకతీయుల పలుకుబడి పెరగడానికి ఈ సంబంధం తోడ్పడింది.

ఈ వివాహంలో ఒక విశేషం ఉంది. సాధారణంగా కొడుకులు లేని రాజు అల్లునికి రాజ్యం ఇవ్వడమో, కుమార్తె పేరు పెట్టి అల్లుడు పాలించడమో జరుగుతుంది. ఇక్కడ అట్లు జరుగలేదు. వీరభద్రుడు ఓరుగల్లు సింహాసనంపై కూర్చున్న దాఖలా లేదు. రాజ్యాధికారం పూర్తిగా రుద్రమదేవిదే. చాళుక్య వంశపు కోడలైనప్పటికీ ఆమె శాసనాలలో కాకతీయ వంశ పాలకురాలిగానే కనిపిస్తుంది.

యువరాజుగా నియామకం

గణపతిదేవుడు కుమార్తెకు రుద్రదేవుడు అనే పేరు పెట్టి, కుమారునివలె పెంచి, రాజ్య వ్యవహారాలు నేర్పాడు. ఆస్థాన పండితుడు విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయంలో ఈ విషయం ప్రస్తావింపబడింది. సుమారు 1259–60 నుండి తండ్రీకూతుళ్ళు కలిసి పాలించారు.

ఆ జంట పాలన కాలానికి చెందిన ముఖ్యమైన ఆధారం 1261 నాటి మల్కాపురం శాసనం. ఇది గుంటూరు జిల్లాలో, నేటి అమరావతి రాజధాని ప్రాంతంలో ఉంది. గోళకీ మఠానికి చెందిన శైవాచార్యుడు విశ్వేశ్వర శివాచార్యునికి గణపతిదేవుడు మందడం గ్రామాన్ని, రుద్రమదేవి వెలగపూడి గ్రామాన్ని ఇచ్చినట్లు ఈ శాసనం తెలుపుతుంది. ఆచార్యుడు ఆ ఆదాయంతో మఠం, విద్యాలయం, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిపించాడు. ఏడున్నర శతాబ్దాల క్రితమే కాన్పుల కొరకు ప్రత్యేకంగా ఒక శాల ఏర్పరచడం విద్యార్థులు గుర్తుంచుకోవలసిన అంశం.

ముత్తుకూరు ఓటమి – నెల్లూరు సంబంధం

నెల్లూరు తెలుగు చోడులు కాకతీయులకు మిత్రులు. నెల్లూరు పాలకుడు రెండవ మనుమసిద్ధి దాయాదుల వలన రాజ్యం పోగొట్టుకున్నప్పుడు, ఆయన మంత్రియైన తిక్కన సోమయాజి ఓరుగల్లుకు వెళ్ళి గణపతిదేవుని సహాయం కోరినట్లు సిద్ధేశ్వర చరిత్రము చెబుతుంది. గణపతిదేవుడు సైన్యాన్ని పంపి మనుమసిద్ధిని తిరిగి నెల్లూరు గద్దెపై నిలిపాడు. మహాభారతాన్ని తెలుగు చేసిన కవి ఒక రాజ్య సంక్షోభంలో రాయబారిగా నడవడం ఈ కథనంలోని విశేషం.

సుమారు 1263లో పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుడు ఉత్తరానికి దండెత్తి వచ్చాడు. నెల్లూరు సమీపంలోని ముత్తుకూరు వద్ద జరిగిన యుద్ధంలో కాకతీయ సైన్యం, మనుమసిద్ధి సైన్యం ఓడిపోయాయి. సుందరపాండ్యుడు నెల్లూరులో వీరాభిషేకం జరుపుకున్నాడు. ఈ ఓటమితో నెల్లూరు సీమ కాకతీయుల చేయి జారింది. అరవై ఏళ్ళు విజయాలే చూసిన వృద్ధ చక్రవర్తికి ఇది పెద్ద దెబ్బ. గణపతిదేవుడు రాజ్యభారాన్ని పూర్తిగా కుమార్తెకు అప్పగించాడు. ఈ విధంగా రుద్రమదేవి చేతికి వచ్చినది దక్షిణాన ఓడి, తీరంలో సడలి, పశ్చిమాన శత్రువులు కాచుకొని ఉన్న రాజ్యం. ఆమె పట్టాభిషేకం 1269లో జరిగినట్లు చరిత్రకారులు నిర్ణయించారు.

అంతర్గత తిరుగుబాట్లు

స్త్రీ సింహాసనం ఎక్కడాన్ని సామంతులలోను, దాయాదులలోను కొందరు అంగీకరించలేదు. హరిహరదేవుడు, మురారిదేవుడు అనే సవతి సోదరులు తిరుగుబాటు చేసి ఓరుగల్లు కోటను పట్టుకున్నారని, రుద్రమదేవి వారిని జయించి కోటను తిరిగి సాధించిందని ప్రతాపచరిత్రము చెబుతుంది. అయితే ఈ సోదరుల పేర్లు శాసనాలలో కనబడవు కనుక దీనిని సంప్రదాయ కథనంగానే తీసుకోవాలి.

తిరుగుబాటు జరిగిందనడానికి పరోక్ష ఆధారం మాత్రం ఉంది. రేచర్ల ప్రసాదిత్యుడు అనే సేనానికి కాకతీయ రాజ్యస్థాపనాచార్య అనే బిరుదు ఉన్నట్లు వెలుగోటివారి వంశావళి తెలుపుతుంది. నిలదొక్కుకొని ఉన్న రాజ్యాన్ని మళ్ళీ స్థాపించవలసిన అవసరం ఉండదు. ఆ బిరుదును బట్టి రాజ్యం ఒక దశలో కదిలిపోయిందని, నమ్మకస్తులైన నాయకులు దానిని నిలబెట్టారని తెలుస్తున్నది. ఆమెకు అండగా నిలిచినవారిలో ప్రసాదిత్యుడు, కాయస్థ జన్నిగదేవుడు, ఆయన తమ్ముడు త్రిపురారి, వర్ధమానపురం పాలకుడు గోన గన్నారెడ్డి ముఖ్యులు.

పుట్టుకతో వచ్చిన అధికారం కంటె స్వామిభక్తిని, యుద్ధ నైపుణ్యాన్ని ఎక్కువగా గుర్తించి, రుద్రమదేవి సామాన్య కుటుంబాల వారిని కూడా నాయకులుగా నియమించింది. తనను కాదన్నవారిలో పెద్ద వంశాలవారు ఉండగా, ఆమె క్రొత్తవారిపై ఆధారపడడం సహజమే. ఈ నాయంకర విధానమే ప్రతాపరుద్రుని కాలంలో మరింత విస్తరించింది.

ఇతర దేశాలలో ఇటువంటి సందర్భాలు

తండ్రి తరువాత కుమార్తె సింహాసనానికి రావడం ఆ యుగంలో ఎక్కడైనా కష్టమే. ఇంగ్లాండు రాజు మొదటి హెన్రీ తన కుమార్తె మెటిల్డాను వారసురాలిగా ఒప్పుకొనునట్లు 1127లో ప్రభువుల చేత ప్రమాణం చేయించాడు. 1135లో ఆయన మరణించగానే మేనల్లుడు స్టీఫెన్ సింహాసనం ఆక్రమించాడు. దీర్ఘకాలం అంతర్యుద్ధం జరిగినా మెటిల్డాకు పట్టాభిషేకం జరుగలేదు. చివరకు 1154లో ఆమె కుమారుడు రెండవ హెన్రీ రాజయ్యాడు. ఢిల్లీలో ఇల్టుట్‌మిష్ కుమార్తె రజియా సుల్తానా 1236 నుండి 1240 వరకు, అనగా నాలుగేళ్ళు కూడా నిండకుండా పాలించి పదవీచ్యుతురాలైంది.

వీరితో పోల్చినపుడు రుద్రమదేవి సాధించినది ఏమిటో స్పష్టమవుతుంది. మెటిల్డాకు దక్కనిది ఆమెకు దక్కింది, రజియా నిలుపుకోలేనిది ఆమె నిలుపుకున్నది. గణపతిదేవుడు మాట తీసుకొని ఊరకుండక, తాను జీవించి ఉండగానే కుమార్తెను తనతో పాటు పాలనలో కూర్చోబెట్టడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

యుద్ధాలు

దేవగిరి యాదవరాజు మహాదేవుడు కాకతీయ రాజ్యంపై దండెత్తాడు. రుద్రమదేవి పదిహేను రోజులు పోరాడి అతనిని ఓడించి, దేవగిరి వరకు తరిమి, కోటి సువర్ణాలు అపరాధంగా రాబట్టిందని ప్రతాపచరిత్రము చెబుతుంది. యాదవుల ఆస్థానానికి చెందిన హేమాద్రి మాత్రం, స్త్రీ కనుక మహాదేవుడు ఆమెను విడిచిపెట్టాడని వ్రాశాడు. ఒకే యుద్ధాన్ని గురించి రెండు పక్షాలవారు రెండు విధాలుగా చెప్పుకున్నారు. ఎవరి మాట నిజమనే ప్రశ్నకు బీదరు కోటలో దొరికిన రుద్రమదేవి శాసనం కొంత సమాధానం ఇస్తుంది. ఆమె బిరుదులతో కూడిన ఆ శాసనం అప్పటి యాదవ రాజ్యభాగంలో ఉండడాన్ని బట్టి, కాకతీయ సైన్యం శత్రుభూమిలోకి చొచ్చుకొని వెళ్ళిందని నిర్ధారణ అవుతున్నది. ఈమెకు గల రాయగజకేసరి బిరుదు ప్రసిద్ధమైనది.

తూర్పున కళింగ గాంగరాజు మొదటి భానుదేవుడు గోదావరి ప్రాంతంపైకి వచ్చినపుడు పోతినాయకుడు, ప్రోలినాయకుడు అనే సేనానులు అతనిని ఓడించారు. దానితో వేంగి ప్రాంతం మరల కాకతీయుల అధీనంలోకి వచ్చింది.

ఓరుగల్లు కోట

ఓరుగల్లు కోట నిర్మాణం గణపతిదేవుని కాలంలో సాగి రుద్రమదేవి కాలంలో పూర్తయింది. ఆమె లోపలి రాతి ప్రాకారాన్ని మరింత ఎత్తు చేయించింది. దాని వెలుపల సుమారు రెండున్నర కిలోమీటర్ల వ్యాసంతో మట్టి కోటను, దాని చుట్టూ లోతైన కందకాన్ని ఏర్పాటు చేయించింది. తరువాతి కాలంలో ఢిల్లీ సైన్యాలు వచ్చినపుడు ఓరుగల్లును లొంగదీయడం సులువు కాలేదు. అందుకు ఈ రెండు ప్రాకారాలే కారణం.

ఓరుగల్లు స్వయంభూ దేవాలయంలో ఆమె రంగమంటపాన్ని కట్టించింది. అక్కడి శిథిలాలలో సింహంపై కూర్చుండి, కత్తి డాలు ధరించిన స్త్రీమూర్తి శిల్పాన్ని ఆమె రూపంగా పలువురు భావిస్తారు.

మార్కో పోలో ప్రస్తావన

వెనిస్ నగరానికి చెందిన యాత్రికుడు మార్కో పోలో తన యాత్రా గ్రంథంలో మోటుపల్లి రాజ్యాన్ని వర్ణించాడు. అక్కడి వజ్రాలను, సన్నని వస్త్రాలను కొనియాడాడు. ఆ దేశాన్ని ఒక రాణి న్యాయంగా, ప్రజలు మెచ్చునట్లుగా పాలించిందని వ్రాశాడు. అయితే ఆమెను మరణించిన రాజు భార్యగా పేర్కొన్నాడు. రాణి అంటే రాజు భార్యే అయి ఉండాలని అనుకోవడం ఆ కాలంలో సహజం. ఆధునిక కాలంలో కూడా కొందరు దీనిని అనుసరించి రుద్రమదేవి గణపతిదేవుని భార్య అని వ్రాశారు. మల్కాపురం శాసనం ఈ సందేహాన్ని తీర్చింది. ఆమె గణపతిదేవుని కుమార్తె అన్నదే నిర్ధారితమైన విషయం.

సంతానం

రుద్రమదేవి, వీరభద్రులకు పుత్ర సంతానం లేదు. వారికి ముగ్గురు కుమార్తెలు.

ముమ్మడమ్మ: ఈమె భర్త మహాదేవుడు. వీరి కుమారుడే ప్రతాపరుద్రుడు.

రుద్రమ: ఈమెను యాదవ వంశీయుడైన ఎల్లణదేవునికి ఇచ్చి వివాహం చేశారు.

రుయ్యమ్మ: ఈమె భర్త ఇందులూరి అన్నయదేవుడు. ఇతడు మంత్రుల కుటుంబానికి చెందినవాడు. ఇందులూరి వంశ చరిత్రను కొలని గణపతిదేవుడు రచించిన శివయోగసారము తెలుపుతుంది.

ఈ సంబంధాలను పరిశీలిస్తే ఒక విషయం తెలుస్తుంది. చాళుక్య రాజవంశీయుడు రాణికి భర్త కాగా, యాదవ వంశీయుడు ఒక అల్లుడు, మంత్రి కుటుంబీకుడు మరొక అల్లుడు. అధిక సంఖ్యలో శాసనాలు చతుర్థ కులజులుగా పేర్కొన్న కాకతీయులు, వివాహ విషయంలో కులం కంటె రాజ్య ప్రయోజనాన్ని ఎక్కువగా చూచినట్లు కనబడుతుంది.

తండ్రి ఎదుర్కొన్న సమస్యే రుద్రమదేవికీ ఎదురైంది. గణపతిదేవుని సలహా మేరకు ఆమె మనుమడైన ప్రతాపరుద్రుని దత్తపుత్రునిగా స్వీకరించి వారసునిగా ప్రకటించింది. దౌహిత్రుడు పుత్రుడైనందువలన వంశం పేరు మారకుండా నిలిచింది. గణపతిదేవుని నుండి ప్రతాపరుద్రుని వరకు కాకతీయ సింహాసనం రెండు తరాల కుమార్తెల ద్వారా సాగింది. వారిలో ఒకరు పాలించారు, మరొకరు వారసుని కన్నారు.

అంబదేవుని తిరుగుబాటు

కాయస్థులు కాకతీయులకు నమ్మిన బంట్లు. గణపతిదేవుడు గంగయసాహిణి అనే సేనానికి దక్షిణ సరిహద్దులను అప్పగించాడు. నేటి కడప జిల్లాలోని వల్లూరు వీరి రాజధాని. గంగయసాహిణి తరువాత జన్నిగదేవుడు, త్రిపురారి వరుసగా పాలించి రుద్రమదేవికి విధేయులుగా ఉన్నారు. సుమారు 1272లో అధికారానికి వచ్చిన వారి తమ్ముడు అంబదేవుడు మాత్రం ఆ దారిలో నడువలేదు. ఇతర సామంతులను ఒకరి తరువాత ఒకరిని ఓడించి స్వతంత్రుడయ్యాడు. నెల్లూరులో తనకు అనుకూలుడైన మనుమగండగోపాలుని గద్దె ఎక్కించాడు. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తన విజయాలన్నిటినీ చెప్పుకున్న అంబదేవుడు కాకతీయుల అధికారాన్ని మాటమాత్రంగానైనా పేర్కొనలేదు.

పశ్చిమ నెల్లూరులోని దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు ఇటు వల్లూరుకు, అటు నెల్లూరుకు నడుమ ఉన్నవి. కావున ఈ పోరు ఓరుగల్లుకు దూరంగా జరిగిన కథ అయినా, ఈ సీమవారికి తమ ముంగిట జరిగిన చరిత్రే.

మరణం

రుద్రమదేవి మరణం గురించి చాలాకాలం స్పష్టత లేదు. ఆమె 1295 వరకు పాలించిందని పూర్వపు చరిత్రకారులు భావించారు. నల్లగొండ జిల్లా నకిరేకల్ సమీపంలోని చందుపట్లలో బయటపడిన శాసనం ఈ అభిప్రాయాన్ని మార్చింది. 1289 నవంబరు 27 నాటి ఈ శాసనాన్ని పువ్వుల ముమ్మడి అనే సేవకుడు వేయించాడు. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందినందున, వారికి పుణ్యంగా చందుపట్లలోని సోమనాథ దేవునికి అతడు భూమి దానం చేశాడు.

రాణి, సేనాని ఇద్దరి మరణం ఒకే చోట చెప్పబడినందున వారు యుద్ధరంగంలో, అంబదేవునిపై జరిపిన దండయాత్రలో మరణించి ఉంటారని చరిత్రకారులు ఊహించారు. అప్పటికి ఆమె మనుమడు యుద్ధానికి వచ్చిన వయస్సువాడు. ఆ వృద్ధాప్యంలో కూడా ఆమె సైన్యంతో కదిలి వెళ్ళినదన్నమాట. ఇంతటి మహారాణి మరణ వార్త ఏ ఆస్థాన కవి కావ్యం ద్వారానో గాక, ఒక సేవకుడు చిన్న ఊరిలో వేయించిన దానశాసనం ద్వారా మనకు తెలిసింది.

అనంతర చరిత్ర

రాజ్యానికి వచ్చిన ప్రతాపరుద్రుని మొదటి పని అంబదేవునిపై దండయాత్ర. 1291లో త్రిపురాంతకం వైపు నడచిన సేనకు నాయకత్వం వహించినవారిలో రుద్రమదేవి అల్లుడు ఇందులూరి అన్నయదేవుడు ఒకడు. అనగా రాణి మరణానికి ప్రతీకారం తీర్చుకున్నవారు మనుమడు, అల్లుడే. అంబదేవుడు ఓడిపోయాడు. మరొక సేన నెల్లూరుపై నడచి మనుమగండగోపాలుని తొలగించింది.

ప్రతాపరుద్రుడు 1323 వరకు పాలించాడు. ఆ సంవత్సరం ఢిల్లీ సైన్యాలు ఓరుగల్లును జయించి అతనిని బందీగా తీసుకొనిపోగా, దారిలో నర్మదా తీరాన మరణించాడు. దానితో కాకతీయ వంశ పాలన ముగిసింది.

సాహిత్యంలోను, ప్రజల స్మృతిలోను

రుద్రమదేవి కాలాన్ని నేపథ్యంగా తీసుకొని అడివి బాపిరాజు గోన గన్నారెడ్డి అనే నవలను రచించాడు. హైదరాబాదు ట్యాంకుబండుపై నెలకొల్పిన తెలుగు ప్రముఖుల విగ్రహాలలో రుద్రమదేవి విగ్రహం ఉంది. 2015లో గుణశేఖర్ దర్శకత్వంలో, అనుష్క ప్రధాన పాత్రధారిణిగా రుద్రమదేవి చలనచిత్రం విడుదలైంది.

కథలలోను, చిత్రాలలోను రుద్రమదేవి ఎక్కువగా మగవేషంలో కత్తి పట్టిన వీరనారిగా కనిపిస్తుంది. శాసనాలు చూపే రూపం ఇంకా విస్తృతమైనది. ప్రసూతిశాలకు ఆదాయమైన గ్రామాన్ని దానం చేసినదీ, కోట గోడలు ఎత్తు చేయించినదీ, మనుమని దత్తత తీసుకొని రాజ్యానికి వారసుని ఏర్పరచినదీ ఆమెయే.